చీరకు చట్టం, చేతికి కాగితం

అంతర్జాతీయ న్యాయం మనకు దూరపు సంగతి అని చాలామంది మిత్రులు భావిస్తారు. ఎక్కడో జెనీవాలో పెద్దమనుషులు సంతకాలు చేస్తే, హిందూపురంలో పాఠాలు చెప్పుకునే నాబోటివాడికి దానితో పనేమిటి? కాని హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం పోయే రైలుదారి వెంట చూడండి. ఆ సంతకాలు ఎవరి బతుకులోకి వచ్చినవో, ఎవరి గడప బయట నిలిచిపోయినవో తెలుస్తుంది.

అంతర్జాతీయ ఒప్పందాల పట్ల గౌరవం పెంపొందించటానికి రాజ్యం ప్రయత్నించాలని మన రాజ్యాంగం 51వ అధికరణం చెబుతున్నది. అయితే సంతకం పడినంతమాత్రాన ఒప్పందం యిక్కడ చట్టం కాదు. 253వ అధికరణం కింద పార్లమెంటు శాసనం చెయ్యవచ్చు. ఏ ఒప్పందానికి ఆ శాసనం త్వరగా వస్తుంది, దేనికి రాదు అన్నదే అసలు ప్రశ్న.

1995లో ప్రపంచ వాణిజ్య సంస్థతోపాటు మేధాసంపత్తి ఒప్పందమూ వచ్చింది. 1999లోనే భౌగోళిక గుర్తింపుల చట్టం చేశారు. 2005 నాటికి మందుల పేటెంట్లనూ దారికి తెచ్చారు. ధర్మవరం పట్టుచీరకు గుర్తింపు దొరికింది యీ చట్టం కిందనే. సంతోషమే. మరి నేసినవాడి సంగతి? షావుకారు యిచ్చిన పట్టును తన యింటి మగ్గం మీద నేసి, చీరకింతని కూలి పుచ్చుకునే మనిషినీ యితర కార్మికులతో సమానంగా చూడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడిక చేసింది. భారతదేశం దాన్ని నేటికీ ధ్రువీకరించలేదు.

పెనుకొండ దగ్గర 2019 నుంచి కార్లు తయారవుతున్నవి. ఆ కార్మికులకూ, మాబోటి ఉపాధ్యాయులకూ సంబంధించినవి సంఘస్వేచ్ఛ, సమష్టి బేరం గురించిన 87, 98 ఒడంబడికలు. అవి 1948, 1949 నాటివి. 1919 నుంచి ఆ సంస్థలో సభ్యత్వమున్న మన దేశం వాటినీ ధ్రువీకరించలేదు. ప్రభుత్వోద్యోగులకు అంత స్వేచ్ఛ యివ్వలేమన్నది సర్కారు చెప్పే కారణం.

ఒకచోట అంత తొందర, యింకొకచోట యింత తాత్సారం ఎందుకు? వాణిజ్య ఒప్పందాన్ని మీరితే అవతలి దేశం వివాదానికి దిగుతుంది, ప్రతీకార సుంకాలు పడతాయి. కూలి తగ్గితే నేతగాడు ఏ మండలికెక్కుతాడు?

అయినా నిరాశ అక్కరలేదు. అప్పు తీర్చలేకపోయినంతమాత్రాన ఎవరినీ జైలుకు పంపరాదని చెప్పే పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో 1979లో భారతదేశం చేరింది. మరుసటి ఏడాది కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తి కృష్ణయ్యర్, ఒడంబడిక దానంతటది చట్టం కాదంటూనే, దాని వెలుగులో మన సివిల్ ప్రొసీజర్ కోడ్‌ను చదివాడు. వుండీ ఎగవేసినవాడు వేరు, లేక చెల్లించలేనివాడు వేరు అన్నాడు. అప్పుల్లో నలిగే మగ్గాలవారికి యిది చిన్న మేలు కాదు.

సంతకాన్ని శాసనంగా మార్చేది ఒత్తిడే. వర్తకుల ఒత్తిడి ఢిల్లీకి చేరింది గనుక చీరకు చట్టం వచ్చింది. నేసే చేతికీ చట్టం కావాలని సంఘంగా నిలబడి అడగటం మన వంతు.