మూడు ఊళ్ళు చాలు!

తెనాలి పిల్లలకు ఒకప్పుడు వేసవి సెలవుల లెక్క చాలా సులువు. పది రోజులు బాపట్లలో అమ్మమ్మగారిల్లు, పది రోజులు రేపల్లెలో నానమ్మగారిల్లు. అక్కడ సూర్యలంక సముద్రం, ఇక్కడ పెనుమూడి దగ్గర కృష్ణమ్మ. సెలవులు అయిపోయేసరికి పిల్లల మొహాలు నల్లబడేవి, పెద్దల జేబులు మాత్రం పెద్దగా ఖాళీ అయ్యేవి కావు. ఇప్పుడా లెక్కలోకి విమానం కూడా వచ్చి చేరింది. 'ఈసారి సింగపూర్ వెళ్దామా?' అన్న మాట మధ్యతరగతి ఇళ్ళల్లోనూ వినిపిస్తోంది.

ప్యాకేజీ టూరయితే డబ్బు కట్టేసి, వాళ్ళు ఎక్కమన్న బస్సెక్కి కూర్చోవచ్చు. అలా కాకుండా టిక్కెట్ల నుంచి తిండి దాకా అన్నీ మనమే చూసుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని రెండు మూడు ఊళ్ళు తిరిగి రావాలంటే? తెనాలిలోని ఓ కుటుంబం 2025 వేసవిలో ఆ పనే చేసింది. వాళ్ళు చూసొచ్చిన వాటికంటే, బయల్దేరకముందు కాగితం మీద కొట్టేసినవే ఎక్కువ!

ఇది దాటితే మళ్ళీ ఎప్పుడో...

ఆయనకు ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం. ఆవిడ స్కూల్లో లెక్కల టీచరు. పాపకు పద్నాలుగేళ్ళు, బాబుకు ఆరు. రేపల్లెలో ఒక్కరే ఉంటున్న ఆయన తల్లికి అరవై ఎనిమిది. విదేశీ ప్రయాణం కోసం మూడేళ్ళుగా నెలనెలా కొంత పక్కన పెడుతున్నారు. ఇంకో ఏడాది ఆగితే మరికాస్త చేరుతుంది కదా అన్నది ఆయన ఆలోచన. ఆవిడ క్యాలెండరు తెచ్చి ముందు పెట్టింది. పాప తొమ్మిది పూర్తిచేస్తోంది. తర్వాత పది. ఆపైన రెండేళ్ళు ఇంటరు, ప్రవేశ పరీక్షలు. అవీ అయ్యాక ఏ ఊళ్ళో హాస్టలో!

"ఏవండీ, అందరం కలిసి తిరగ్గలిగే సెలవులు ఇవే. ఇది దాటితే పిల్ల పండక్కొచ్చే చుట్టమైపోతుంది" అందావిడ.

గుంటూరు, బాపట్ల జిల్లాల్లో చదువుకునే పిల్లలున్న ఏ ఇంట్లోనైనా ఇట్టే అర్థమయ్యే లెక్క ఇది. పదో తరగతి పాఠాలు వేసవిలోనే మొదలుపెడతామని స్కూలువాళ్ళు చెప్పారు. రెండు వారాలు పంపలేమని, పోయిన పాఠాలు ఇంట్లో చెప్పుకుంటామని దంపతులిద్దరూ వెళ్ళి ఒప్పించి వచ్చారు. ఆ రెండు వారాలూ అంత తేలిగ్గా దొరికినవి కావు. అందుకే ఒక్క రోజు కూడా వృథా కాకూడదని ఆయన గట్టిగా అనుకున్నాడు.

పదకొండు రోజులు, ఐదు ఊళ్ళు

ఆయన వేసిన మొదటి ప్రణాళిక ఘనంగానే ఉంది. చెన్నైలో విమానమెక్కి బ్యాంకాక్, అక్కణ్ణుంచి ఫుకెట్, లంకావి, కౌలాలంపూర్, చివరికి సింగపూర్. ఒక్కోచోట రెండు రాత్రులు. మూడు దేశాలూ పక్కపక్కనే, వాటి మధ్య చవక విమానాలు బోలెడు. ఒక్క పూట కూడా ఖాళీ లేదు. ఆవిడకు అదే భయం వేసింది. "సంక్రాంతికి ఒకసారి మనూళ్ళల్లోనే తిరిగి చూద్దాం" అంది.

విదేశానికి తీసుకెళ్ళాలనుకున్న పెట్టెలే సర్దారు. తెనాలి నుంచి రేపల్లె, అక్కణ్ణుంచి నానమ్మను తీసుకుని బాపట్ల, మళ్ళీ తెనాలి. మొత్తం నాలుగు రోజులు, రైలు మీదే. రేపల్లె నుంచి బాపట్లకు రైల్లో వెళ్ళాలంటే తెనాలిలో దిగి చెన్నై లైనులో మరో బండి పట్టుకోవాలి. అక్కడే అసలు సంగతి బయటపడింది. పెట్టెలు నాలుగు, మోయగలిగేవాళ్ళు ఇద్దరున్నర. ఆయన పెట్టెలు వంతెన మీద పెట్టి, మళ్ళీ కిందికి దిగి తల్లి చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. రెండోసారి మకాం మారేసరికి బాబు అన్నం ముట్టలేదు. అమ్మమ్మ ఒళ్ళో కూర్చుని కూడా "మనింటికెళ్దాం" అని ఒకటే ఏడుపు. దూరం కొంచెమే అయినా సర్దడం, స్టేషనుకు చేరడం, బండి కోసం ఎదురుచూడటం, మళ్ళీ విప్పడం... అన్నీ కలిసి రోజంతా తినేశాయి.

ఆ రాత్రి లెక్కల టీచరు లెక్క వేసింది. ఊరు మారిన రోజు దేన్నీ చూడటానికి పనికిరాదు. ఐదు ఊళ్ళంటే వెళ్ళే రోజు, వచ్చే రోజు, మధ్యలో నాలుగు మార్పులు... మొత్తం ఆరు రోజులు దారికే. పదకొండులో మిగిలేవి ఐదు. అదే మూడు ఊళ్ళయితే దారికి పోయేవి నాలుగు, చేతిలో మిగిలేవి ఏడు. అంటే రెండు ఊళ్ళు తగ్గించుకుంటే రెండు రోజులు పెరుగుతాయి! పైగా అటూ ఇటూ ఎగిరే విమానాల టిక్కెట్లు మిగులుతాయి. ఆయన మారు మాట్లాడలేదు.

ఏ ఊళ్ళు కొట్టెయ్యాలన్నది వానలు తేల్చాయి. అండమాన్ సముద్రం వైపున్న ఫుకెట్‌లో మే నెల నుంచి నైరుతి రుతుపవనాలు మొదలవుతాయి. సముద్రంలో అలలు ఎక్కువ. పిల్లలతో వెళ్ళి హోటల్ గదిలో కూర్చోవడం ఎందుకని దాన్ని తీసేశారు. దాంతోపాటు బ్యాంకాక్, లంకావి కూడా పోయాయి. కౌలాలంపూర్ నాలుగు రాత్రులు, మలక్కా రెండు, సింగపూర్ నాలుగు. మూడూ ఒకే వరసలో ఉన్నాయి. మధ్యలో బస్సు చాలు. కౌలాలంపూర్‌లో దిగి సింగపూర్‌లో ఎక్కేట్టు టిక్కెట్లు తీసుకుంటే వెళ్ళిన దారినే వెనక్కి రానక్కర్లేదు. మే నెలాఖరులో సింగపూర్ బడులకు సెలవులు మొదలవుతాయి కాబట్టి, ఆ రద్దీకి ముందే తిరిగొచ్చేట్టు మే నెల మధ్యలో ప్రయాణం పెట్టుకున్నారు.

ఒక్కొక్కరికి ఒక్కటి

ఊళ్ళు తేలాయి. మరి చూసేవి? ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కటే కోరుకోవాలని నిబంధన పెట్టుకున్నారు. ఎవరు కోరింది వాళ్ళకు తప్పకుండా జరుగుతుంది. మిగతావన్నీ ఓపిక ఉంటేనే.

బాబు సింగపూర్ జూ అన్నాడు. ఆయన 452 మీటర్ల పెట్రోనాస్ జంట భవనాలు ఎక్కాలన్నాడు. ఆవిడ "ఒక రోజంతా నాకే పనీ చెప్పకూడదు" అంది. అదీ లెక్కలోకే వస్తుందని ఒప్పుకున్నారు.

పాప మలక్కా అంది. అందరూ ఆశ్చర్యపోయారు. రేపల్లెకు దగ్గర్లోని నిజాంపట్నంలో పదిహేడో శతాబ్దం మొదట్లో డచ్చివాళ్ళు వర్తక స్థావరం పెట్టుకున్నారు. మన తీరంలో నేసిన బట్టలు కొని తూర్పు దీవుల్లో అమ్మి, అక్కణ్ణుంచి సుగంధ ద్రవ్యాలు తీసుకెళ్ళేవారు. ఆ డచ్చివాళ్ళే 1641లో పోర్చుగీసుల నుంచి మలక్కాను గెలుచుకున్నారు. వాళ్ళు కట్టిన ఎర్రటి భవనం ఇప్పటికీ ఊరి మధ్యలో ఉంది. 2008లో యునెస్కో ఆ పాత ఊరిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నానమ్మ ఊరి పక్కనున్న రేవుకూ ఆ రేవుకూ ఉన్న చుట్టరికం చూడాలన్నది పాప కోరిక.

ఇక నానమ్మ. అసలు తను రానందావిడ. "నాకెందుకురా అవన్నీ? ఆ డబ్బుతో పిల్లలకు ఏదన్నా కొనండి" అంది. కోడలు బతిమాలలేదు. కౌలాలంపూర్ పక్కనే బాటు గుహల్లో సుబ్రహ్మణ్యస్వామి కొలువై ఉన్నాడనీ, కింద 140 అడుగుల విగ్రహం ఉందనీ మాత్రం చెప్పింది. రేపల్లె నుంచి పెనుమూడి వంతెన దాటి మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుణ్ణి ఎన్నిసార్లు దర్శించుకుందో లెక్కలేని మనిషావిడ. కాసేపాగి అడిగింది. "మెట్లెన్ని?" రెండు వందల డెబ్బై రెండు. "ఎక్కలేకపోతే కిందనుంచే దణ్ణం పెట్టుకుంటాలే" అంది. అలా నలుగురి ప్రయాణం ఐదుగురిదైంది.

పేరుతోనే తంటా

పాస్‌పోర్టుల దగ్గర ఓ నెల పట్టింది. పిల్లల పాస్‌పోర్టు గడువు ఐదేళ్ళే. పాపది అప్పటికే అయిపోయింది. చాలా దేశాలు ప్రయాణం నాటికి కనీసం ఆరు నెలల గడువు ఉండాలంటాయి కాబట్టి, టిక్కెట్లకన్నా ముందు చూసుకోవాల్సింది ఇదే. పిల్లల దరఖాస్తుకు తల్లిదండ్రులిద్దరి సమ్మతి పత్రం కావాలి.

మన తెలుగువాళ్ళకు ఇంకో చిక్కుంది. ఇంటిపేరు ఒక కాగితంలో పొడి అక్షరంగా, ఇంకో కాగితంలో పూర్తిగా ఉంటుంది. నానమ్మ ఆధార్‌లోనూ అంతే. ముందు దాన్ని సరిచేయించి, తర్వాత పాస్‌పోర్టుకు పెట్టారు. విమానం టిక్కెట్టు మీద పేరు పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసినా ఇబ్బందే. పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉన్నవాళ్ళకు సందర్శక వీసాలు ఇవ్వబోమని 2022 నవంబరులో యూఏఈ ప్రకటించింది కూడా.

మలేసియాకు మనవాళ్ళు వీసా లేకుండా 30 రోజుల దాకా వెళ్ళే వెసులుబాటు 2023 డిసెంబరులో మొదలైంది. ప్రయాణానికి మూడు రోజుల ముందు ఆన్‌లైన్లో ఒక పత్రం నింపితే చాలు. సింగపూర్‌కు మాత్రం వీసా తప్పదు. అధీకృత ఏజెంటు ద్వారా పెట్టుకోవాలి. దాంతోపాటు ఆ దేశపు అరైవల్ కార్డు కూడా చివరి మూడు రోజుల్లోనే నింపాలి. వీసా చేతికొచ్చేదాకా ఏమవుతుందో తెలియదు కాబట్టి, ఖరీదు కాస్త ఎక్కువైనా రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కిచ్చే హోటళ్ళే చూసుకున్నారు. నానమ్మకు బీపీ ఉన్న సంగతి దాచకుండా రాసి ప్రయాణ బీమా తీసుకున్నారు.

ఐదుగురికి ఒక గది చాలదు. రెండు పడగ్గదులు, చిన్న వంటగది ఉన్న అపార్ట్‌మెంట్లు వెతికారు. మామూలు ట్యాక్సీలో నలుగురే పడతారు, ఆరు సీట్ల బండి పిలవాలి. సింగపూర్‌లో 1.35 మీటర్ల కంటే పొట్టి పిల్లలకు కారులో ప్రత్యేక సీటు ఉండాలన్నది చట్టం. మామూలు ట్యాక్సీలకు మినహాయింపు ఉంది గానీ, యాప్‌లో పిలిచే ప్రైవేటు కార్లకు లేదు. అందుకే మెట్రో స్టేషనుకు నడిచి వెళ్ళగలిగేంత దూరంలో బస చూసుకున్నారు.

ఇక వంటింటి సామాను. కందిపొడి, చింతకాయ పచ్చడి, చిన్న రైస్ కుక్కర్ పెట్టెలోకి చేరాయి. గరం మసాలా మాత్రం ఇంట్లోనే ఆగిపోయింది. అందులో గసగసాలున్నాయి, సింగపూర్‌లో అవి నిషిద్ధం! మందుల చీటీతో సహా జ్వరం సిరప్పు, ఓఆర్ఎస్ పొట్లాలు చేతి సంచిలోనే పెట్టుకున్నారు. నాలుగు పెట్టెలు రెండయ్యాయి.

పెట్టెలు తగ్గించిన ఫలితం సరిహద్దులో తెలిసింది. మలక్కా నుంచి సింగపూర్ వెళ్ళే బస్సు రెండుసార్లు ఆగుతుంది. మలేసియా వైపు దిగి పాస్‌పోర్టు చూపించాలి. మళ్ళీ ఎక్కి, సింగపూర్ వైపు సామానంతా దించుకుని తనిఖీ చేయించుకోవాలి. తెనాలి వంతెన మీద చేసిన సాధన అక్కడ అక్కరకొచ్చింది. ఎవరు ఏ పెట్టె పట్టుకోవాలో, బాబు చెయ్యి ఎవరిదో, నానమ్మ చెయ్యి ఎవరిదో ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది.

అన్నీ అనుకున్నట్టే జరిగాయని కాదు. మధ్యాహ్నం పూట ఉరుములతో కురిసే వాన రెండు రోజులు తినేసింది. సింగపూర్‌లో పూలతోటలు, కౌలాలంపూర్‌లో పక్షుల పార్కు చూడలేదు. బాబు జూలో ఒరాంగుటాన్ల దగ్గర్నుంచి కదలనంటే కదలనన్నాడు. అక్కడే రెండు గంటలు గడిచాయి. ప్యాకేజీ బస్సయితే హారన్ కొట్టేది. ఇక్కడ తొందరపెట్టేవాళ్ళెవరూ లేరు.

బాటు గుహల దగ్గరికి పొద్దున్నే వెళ్ళారు. ఆవిడ రాసుకున్న పుస్తకంలో ఆ రోజు కింద రెండే మాటలున్నాయి. 'బాటు గుహలు. ఇంకేం లేదు.' నానమ్మ కిందే ఆగుతుందని అందరూ అనుకున్నారు. ఆవిడ చెప్పులు విడిచి, కొంగు బిగించి మొదటి మెట్టెక్కింది. పది మెట్లకోసారి ఆగింది. ఆగినప్పుడల్లా మనవరాలు పక్కన కూర్చుని ఇద్దరూ ఏవో కబుర్లు చెప్పుకున్నారు. ఎండ ఎక్కుతోంది. కోతులు అటూ ఇటూ దూకుతున్నాయి. పైకి చేరడానికి గంటకు పైనే పట్టింది. ఆ గంటలో తండ్రి ఒక్కసారి కూడా గడియారం చూసుకోలేదు.

ఆ జూన్‌లో పాప పదో తరగతిలోకి వెళ్ళింది. నానమ్మ రేపల్లె వెళ్ళిపోయింది. ఎదురింటివాళ్ళు తామూ అలా వెళ్ళాలనుకుని ఆ పుస్తకం అడిగి తీసుకెళ్ళారు. ఇచ్చేటప్పుడు ఆవిడ ఒకటే చెప్పింది. "మేం వెళ్ళిన ఊళ్ళే మీరూ వెళ్ళాలనేం లేదండీ. ముందు మీ ఇంట్లో అందరికంటే నెమ్మదిగా నడిచేది ఎవరో చూసుకోండి. ఊళ్ళు ఆ తర్వాత రాసుకోవచ్చు."