బిట్‌కాయిన్ బీచ్‌లో పుపుసా ఎంత?

ఎల్ సోంటేలో ఇసుక నల్లగా ఉంటుంది. అగ్నిపర్వతాల దేశం కదా, ఒడ్డంతా ఎవరో బొగ్గుపొడి చల్లినట్టే. మధ్యాహ్నం పూట చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేయలేం. పసిఫిక్ అలలు మాత్రం అద్భుతం. సర్ఫింగ్ బోర్డులు చంకన పెట్టుకుని తెల్లవాళ్లు, వాళ్ల వెనకాలే పదేళ్ల ఊరి పిల్లలు నీళ్లలోకి పరిగెడుతుంటారు. మూడు వేల మంది ఉండే ఊరు. కొబ్బరిచెట్లు, రేకుల షెడ్లు, కోళ్లు, మధ్యలో బోటిక్ హోటళ్లు. అక్కడక్కడా గోడల మీద నారింజ రంగులో ‘బి’ అక్షరం.

దీన్నే ప్రపంచం ‘బిట్‌కాయిన్ బీచ్’ అంటోంది.

ఎల్ సాల్వడోర్ చాలా చిన్న దేశం. మన తెలంగాణలో ఐదో వంతు కూడా ఉండదు. జనాభా అరవై లక్షల పైన. నేనుండే హ్యూస్టన్ నుంచి విమానంలో మూడు గంటలు. ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయిది శాన్ సాల్వడోర్. 2025 మార్చిలో ఇంటికి వెళ్తూ “వస్తావా, మా బీచ్‌లు చూద్దువుగాని” అంది. బీచ్‌ల కోసం కాదు కానీ, బిట్‌కాయిన్‌ని చట్టబద్ధమైన డబ్బుగా ప్రకటించిన మొట్టమొదటి దేశం ఎలా ఉంటుందో చూద్దామని బయల్దేరా.

ఒడ్డున ఒక పాకలో పుపుసాలు తిన్నాం. పుపుసా అంటే మందంగా తట్టిన మొక్కజొన్న రొట్టె. లోపల చీజ్, బీన్స్ కూరుతారు. పక్కన పులిసిన క్యాబేజీ పచ్చడి. మా అమ్మ చేసే జొన్నరొట్టెకి దూరపు చుట్టంలా ఉంది. మూడు తిన్నా. బిల్లు కట్టేటప్పుడు ఆ పెద్దావిడ “డాలరా, బిట్‌కాయినా?” అంది, మన దగ్గర “క్యాషా, ఫోన్‌పేనా?” అన్నంత మామూలుగా. ఫోన్‌లో వాలెట్ యాప్ తెరిచి క్యూఆర్ కోడ్ స్కాన్ చేశా. రెండు సెకన్లలో అయిపోయింది. లైట్నింగ్ అనే నెట్‌వర్క్ మీద నడుస్తుంది కాబట్టి చార్జీ కూడా దాదాపు లేనట్టే. టెక్నాలజీ పరంగా నిజంగా బాగుంది. ఆ మాట ఒప్పుకోవాలి.

“ఇవి దాచుకుంటారా?” అని నా కొలీగ్‌తో అడిగించా.

“సాయంత్రం డాలర్లు చేసేసుకుంటా. రేపు పిండి కొనాలిగా” అంది ఆవిడ, పెనం మీద రొట్టె తిప్పుతూ.

ఈ ఊరి కథ 2019లో మొదలైంది. పేరు చెప్పని ఒక దాత ఊరి బాగు కోసం బిట్‌కాయిన్లు ఇస్తానన్నాడు. షరతు ఒక్కటే: వాటిని డాలర్లుగా మార్చి పంచకూడదు, బిట్‌కాయిన్‌గానే ఊళ్లో చేతులు మారాలి. కాలిఫోర్నియా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మైక్ పీటర్సన్, కొందరు ఊరి కుర్రాళ్లు కలిసి దాన్ని నడిపించారు. బీచ్ శుభ్రం చేసిన పిల్లలకు బిట్‌కాయిన్. కోవిడ్‌లో టూరిస్టులు లేక పొయ్యి వెలగని ఇళ్లకు బిట్‌కాయిన్. వాటితో సరుకులు ఇవ్వమని కొట్లవాళ్లను ఒప్పించారు. గమనించారా, ఇక్కడ ఎవరూ జేబులోంచి పెట్టుబడి పెట్టలేదు. ఊరికే వచ్చింది, ఖర్చుపెట్టుకున్నారు. ఎల్ సోంటే విజయం గురించి యూట్యూబ్‌లో చెప్పేవాళ్లు ఈ ముక్క దగ్గర మాత్రం కొంచెం స్పీడ్ పెంచేస్తారు.

దేశాధ్యక్షుడు నయీబ్ బుకేలే చూపు ఈ ప్రయోగం మీద పడింది. 2021 జూన్‌లో మయామీలో జరిగిన బిట్‌కాయిన్ సదస్సులో వీడియో ద్వారా ప్రకటన. కొద్ది రోజుల్లోనే, ఒక్క రాత్రిలో, 84 మంది సభ్యుల శాసనసభలో 62 ఓట్లతో చట్టం. సెప్టెంబర్ 7 నుంచి అమలు. టెక్నాలజీ అందుబాటులో లేనివాళ్లు తప్ప వ్యాపారి ఎవరైనా సరే బిట్‌కాయిన్ ఇస్తే తీసుకోవాల్సిందే. ప్రభుత్వమే ‘చివో’ అనే యాప్ తెచ్చింది. చివో అంటే అక్కడి కుర్రాళ్ల భాషలో ‘కేక’ అన్నమాట. డౌన్‌లోడ్ చేసుకున్న ప్రతి పౌరుడికీ 30 డాలర్ల విలువైన బిట్‌కాయిన్ ఉచితం.

తొలిరోజే యాప్ మొరాయించింది. అదే రోజు బిట్‌కాయిన్ ధర 52 వేల డాలర్ల నుంచి 43 వేల దాకా జారి, మళ్లీ కాస్త లేచింది. తమ పేరు మీద ఎవరో ముందే 30 డాలర్లు కొట్టేశారని కూడా చాలామంది గొల్లుమన్నారు.

ఆ ముప్ఫై డాలర్ల సంగతి శాన్ సాల్వడోర్‌లో మా కొలీగ్ వాళ్లింట్లో అడిగా. వాళ్లమ్మ నవ్వింది. తీసుకుందట, సూపర్‌మార్కెట్‌లో నూనె, బియ్యం, చికెన్ కొనిందట, యాప్ తీసేసిందట. ఆవిడ ఒక్కతే కాదు. ఇంటింటికీ తిరిగి ఆర్థికవేత్తలు చేసిన సర్వేలో కూడా ఇదే తేలింది. డౌన్‌లోడ్ చేసినవాళ్లలో ఎక్కువమంది బోనస్ ఖర్చయ్యాక ఆ యాప్ ముఖం మళ్లీ చూడలేదు. మన దగ్గర క్యాష్‌బ్యాక్ కోసం యాప్ వేసుకుని, అది రాగానే తీసేస్తామే, అచ్చం అలాగే. ప్రభుత్వం డబ్బులిచ్చి, చట్టం చేసి, యాప్ కట్టి, ఏటీఎంలు పెట్టి అలవాటు చెయ్యాలని చూసినా జనం లొంగలేదు.

నాకు ఇంకా ఆశ్చర్యమేసింది రెమిటెన్సుల విషయంలో. అమెరికాలో ఉన్న పిల్లలు పంపే డబ్బు ఆ దేశ జీడీపీలో ఐదో వంతుకు పైనే. మా కొలీగ్ కూడా నెలనెలా పంపుతుంది. కమీషన్లు మిగులుతాయన్నదే బిట్‌కాయిన్ చట్టానికి చెప్పిన పెద్ద కారణం. లెక్క ప్రకారం అందరూ ఎగబడాలి. కానీ క్రిప్టో వాలెట్ల ద్వారా వస్తున్నది మొత్తంలో ఒక శాతం చుట్టూనే తిరుగుతోంది. “పంపినప్పుడు రెండొందలుండి అమ్మ తీసేసరికి నూట ఎనభై అయితే? అమ్మ మందులు నూట ఎనభైకి ఇవ్వరు కదా” అంది తను. వాళ్లది 2001 నుంచీ అమెరికన్ డాలరే వాడే దేశం. కదలని డబ్బు చేతిలో ఉన్నవాళ్లకి కదిలే డబ్బుతో పనేంటి?

రాజధాని నడిబొడ్డున నేషనల్ ప్యాలెస్, దాని పక్కనే కేథడ్రల్. ఆ కేథడ్రల్ నేలమాళిగలోనే 1980లో పూజ చేస్తుండగా కాల్చి చంపిన ఆర్చ్‌బిషప్ ఆస్కార్ రొమేరో సమాధి ఉంది. ఎదురుగా చైనా కట్టించి ఇచ్చిన కొత్త లైబ్రరీ తళతళలాడుతుంటుంది. రాత్రి పదింటికి కూడా పిల్లల్ని తీసుకుని జనం తిరుగుతున్నారు. ఒకప్పుడు ముఠాల భయంతో సాయంత్రానికే తలుపులేసుకునేవారట. 2022 మార్చి నుంచి అత్యవసర పరిస్థితి పెట్టి 80 వేల మందికి పైగా లోపలేశారు. వాళ్లలో అమాయకులెందరో అన్నది వేరే పెద్ద ప్రశ్న. టూరిస్టులు పెరిగారంటే ఎక్కువ పుణ్యం ఈ భద్రతదే, బిట్‌కాయిన్‌ది కాదని నా అనుమానం. ఈ చౌక్ చుట్టూ ఉన్న మార్కెట్‌లో పండ్లు, సాక్సులు, ఫోన్ కవర్లు కొంటూ ఏడు చోట్ల బిట్‌కాయిన్ తీసుకుంటారా అని అడిగా. ఆరుగురు తల అడ్డంగా ఊపారు. ఏడో ఆయన “కావాలంటే మా అబ్బాయి వచ్చేదాకా కూర్చో” అన్నాడు.

ఆ రాత్రే ఖమ్మం నుంచి మా తమ్ముడి వాయిస్ మెసేజ్. “అక్కా, మిర్చి డబ్బులొచ్చినయ్. నాలుగు లక్షలు. జూన్ దాకా ఖాళీగనే ఉంటయ్ గదా. బిట్‌కాయిన్‌ల పెడదామా? నువ్వెట్లాగూ ఆ దేశంలనే ఉన్నవ్, కనుక్కో.”

వాడు అత్యాశపరుడేం కాదు. ఎకరన్నర సొంతం, రెండెకరాలు కౌలు. జూన్‌లో విత్తనాలు, ఎరువులు, పాత కౌలు బాకీ, పెద్దపిల్ల కాలేజీ ఫీజు. ఈ నాలుగు లక్షలకి నాలుగు వైపుల నుంచీ తాళ్లు కట్టి ఉన్నాయి. వాడి దోస్తు ఒకడు కిందటేడు పెట్టి రెట్టింపు చేసుకున్నాడట. మన ఊళ్లలో ప్రతి క్రిప్టో కథా ఇలా దోస్తుతోనే మొదలవుతుంది. పోగొట్టుకున్న దోస్తు ఎవడూ స్టేటస్ పెట్టడు.

హోటల్ మంచం మీద కూర్చుని లెక్క వేశా. 2022లో ఇలాగే మార్చి చివర్లో పెట్టి ఉంటే? అప్పుడు ధర 47 వేల డాలర్ల దగ్గరుంది. జూన్ మూడో వారానికి 20 వేల చుట్టూ. నాలుగు లక్షలు దాదాపు లక్షా డెబ్బై వేలు. తొలకరి పడ్డాక విత్తనాల కొట్టువాడికి “ఇంకో రెండేళ్లాగు, మళ్లీ పెరుగుతుంది” అని చెప్పలేం కదా. పెరిగింది కూడా! 2022 నవంబర్‌లో 16 వేలకు పడి, 2024 డిసెంబర్‌లో లక్ష దాటింది. ఆగినవాళ్లందరికీ లాభమే. ఆగగలిగినవాళ్లెవరన్నదే అసలు సంగతి.

ఎల్ సాల్వడోర్ ప్రభుత్వం ఆగగలిగింది. కొన్న బిట్‌కాయిన్లు 2022లో సగానికి పైగా విలువ పోగొట్టుకున్నా అమ్మలేదు. పైగా ఆ నవంబర్ నుంచి రోజుకొకటి కొంటామంది. 2025 మార్చి నాటికి ఆరు వేలకు పైగా ఉన్నాయి, అప్పటికి కాగితం మీద లాభమే. కానీ ఖజానా నడవడానికి అప్పు కావాల్సొచ్చింది. 2024 డిసెంబర్‌లో ఐఎంఎఫ్‌తో 140 కోట్ల డాలర్లకు ఒప్పందం కుదిరింది. అందులో బిట్‌కాయిన్‌ని తగ్గించుకోవాలన్న షరతులున్నాయి. 2025 జనవరిలో చట్టం మార్చేశారు. వ్యాపారులు తీసుకోవాల్సిందేనన్న నిబంధన పోయింది, ఇష్టమైతేనే. నేను వెళ్లింది ఆ మార్పు తర్వాత రెండు నెలలకి. పుపుసాల ఆవిడకైనా, మా తమ్ముడికైనా ఇలా ఆదుకునే ఐఎంఎఫ్ ఏది? మా వాడికి ఉన్నదల్లా నూటికి రెండు రూపాయల వడ్డీ వ్యాపారి.

ఆ ముప్ఫై డాలర్ల లెక్క కూడా చూశా. ముట్టుకోకుండా వదిలేసి ఉంటే 2022 నవంబర్‌లో పది డాలర్లు. లక్ష దాటాక అరవై పైన. మా కొలీగ్ వాళ్లమ్మతో ఈ మాటంటే ఆవిడ క్షణం కూడా ఆలోచించలేదు. “ఆ చికెన్ బాగుంది” అంది.

తమ్ముడికి ఫోన్ చేసి వద్దన్నా. మన దగ్గర ఇంకో గొడవ కూడా ఉందని చెప్పా. క్రిప్టో కొనడం నేరం కాదు, కానీ అది చెల్లుబాటయ్యే డబ్బూ కాదు. 2022 ఏప్రిల్ నుంచి లాభంపై 30 శాతం పన్ను. అదే జూలై నుంచి అమ్మేటప్పుడు ఒక శాతం టీడీఎస్. ఒకదాంట్లో పోయిన నష్టాన్ని ఇంకోదాంట్లో వచ్చిన లాభంలోంచి తీసేసుకోనివ్వరు. అంటే గెలిస్తే ప్రభుత్వానికి వాటా, ఓడితే మొత్తం నీదే. ధర పడకపోయినా డబ్బు పోవచ్చు. 2024 జూలైలో వజీర్‌ఎక్స్ మీద హ్యాకర్లు పడి దాదాపు రెండు వేల కోట్ల రూపాయల విలువైనవి ఎత్తుకెళ్లారు. మిగిలినవాళ్ల సొమ్ము కూడా నెలల తరబడి ఇరుక్కుపోయింది. ఇక టెలిగ్రామ్‌లో “రోజుకి రెండు శాతం గ్యారంటీ” అనే గ్రూపుల గురించి చెప్పేదేముంది, అవి క్రిప్టో కూడా కాదు, ఉత్త దొంగతనం.

“మరి నువ్వు పెట్టినవ్ గదా” అన్నాడు వాడు. నిజమే, నా దగ్గర కొంచెం ఉంది. జీతంలోంచి ఇల్లు, పొదుపు, అమ్మకి పంపేది పోగా మిగిలిన దాంట్లో చిన్న ముక్క. రేపు సున్నా అయితే రెండు రోజులు ముఖం మాడ్చుకుంటా, అంతే. దాని మీద తారీఖు లేదు. వాడి నాలుగు లక్షల మీద జూన్ అని రాసి ఉంది. సామాన్యులు క్రిప్టో కొనాలా అని నన్నడిగితే, ముందు ఆ డబ్బు మీద ఏ తారీఖు రాసి ఉందో చూపించమంటా.

ఇక్కడ ఇంకో మాట చెప్పకపోతే అన్యాయం. 2025 మార్చి చివర్లో 85 వేల చుట్టూ ఉన్న ధర జూన్ మధ్యకి లక్ష పైనే ఉంది. పన్ను పోనూ వాడికి అరవై వేలకు పైగా మిగిలేవి. వాడు ఆ స్క్రీన్‌షాట్ పంపి, కింద ఒక్క దండం పెట్టాడు. మళ్లీ అదే మార్చి వస్తే మళ్లీ వద్దనే అంటా. ఆ డబ్బు బ్యాంకులో పడుకుంది, జూన్‌లో విత్తనాలయింది, కౌలయింది, పిల్ల ఫీజయింది. వాడు అలిగాడు, రెండు వారాలు మాట్లాడలేదు.

ఎల్ సోంటేలో చివరిరోజు ఒక స్థానిక కుర్రాడితో మాట్లాడా. సర్ఫింగ్ నేర్పుతాడు. టిప్పులుగా వచ్చిన బిట్‌కాయిన్లు కొన్ని దాచుకుని సెకండ్ హ్యాండ్ మోటార్‌సైకిల్ కొన్నాడట. కళ్లు మెరుస్తున్నాయి. అదే నోటితో ఇంకో సంగతీ చెప్పాడు. విదేశీయులు వచ్చి స్థలాల ధరలు పెంచేశారని, తన తరం వాళ్లు ఈ ఊళ్లో ఇల్లు కట్టుకోలేరని. బండి వచ్చింది, ఊరు దూరమవుతోంది. ఆ రెండూ ఒకే బిట్‌కాయిన్ పనే.

మీరెవరైనా వెళ్తానంటే, ఎల్ సోంటేలో పొద్దున ఆరింటికే నీళ్లలో దిగండి, అప్పుడు అలలు నెమ్మదిగా ఉంటాయి. భారత పాస్‌పోర్టుతో ఆ విమానాశ్రయం గుండా వెళ్లేవాళ్ల మీద 2023 అక్టోబర్‌లో పన్నుతో కలిపి 1,130 డాలర్ల ఫీజు పెట్టారు, టికెట్ కొనేముందు ఇప్పుడెలా ఉందో కనుక్కోండి. నాది అమెరికన్ పాస్‌పోర్టు కాబట్టి పన్నెండు డాలర్ల టూరిస్ట్ కార్డుతో బయటపడ్డా. ఫోన్‌లో వాలెట్ ఉన్నా లేకపోయినా ఒక డాలర్, ఐదు డాలర్ల నోట్లు మాత్రం బోలెడన్ని పెట్టుకోండి. ఇరవై నోటు ఇస్తే పుపుసాల ఆవిడ దగ్గర చిల్లర ఉండదు.