కోసిన చక్రం, కోసిన గొట్టం

అరగదీసిన వెబ్లీ రివాల్వర్ చేతికొచ్చిన రోజు పాత తుపాకులు సేకరించేవాడికి అన్నం సయించదు.

మొదట అంతా ముచ్చటగానే ఉంటుంది. సుత్తి పక్కనున్న మీటను బొటనవేలితో నొక్కగానే పై కొక్కెం జారి, గొట్టం కీలు మీద ముందుకు వాలుతుంది. తూటాలుండే చక్రం నడిమిలోంచి నక్షత్రంలాంటి ముక్క లేచి ఆరు తొడుగులనూ ఒక్క ఎత్తున ఎత్తి పారేస్తుంది. ఆ వెంటనే టక్కుమని లోపలికి దిగిపోతుంది. ఆ చప్పుడు కోసమే పదిసార్లు తెరిచి మూసేవాళ్లున్నారు. మూసి దీపానికి ఎదురుగా పట్టుకుంటే మాత్రం చక్రానికీ వెనక పలకకూ మధ్య ఉండకూడనంత వెలుతురు.

బర్మింగ్‌హామ్‌లో పుట్టిన ఈ తుపాకులను బ్రిటిష్ సైన్యం 1887లో చేపట్టింది. 1915లో వచ్చిన ఆరో మార్కు కందకాల బురదలో పనిచేసింది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక మిగులు సరుకుగా చాలా వెబ్లీలు అమెరికా చేరాయి. అక్కడ వీటి .455 తూటా అరుదు, .45 ఏసీపీ తూటా కొల్లలు. ఏసీపీకి అంచు ఉండదు కాబట్టి అర్ధచంద్రాకారపు రేకు క్లిప్పుల్లో బిగించాలి. ఆ రేకుకు చోటు కావాలని చక్రాల వెనక భాగం చెక్కేశారు. పోనీ, ఆ తూటా అయినా సరిపడిందా? దాని ఒత్తిడి ఈ పాత ఉక్కు కోసం లెక్కగట్టినదానికంటే బాగా ఎక్కువ. కందకాల్లో చెడనిది అమ్మకపు బల్ల మీద చెడింది. చెక్కని చక్రం మరోటి వెతికి తెచ్చినా దాని మీది నంబరు వేరు. దాని ప్రతి గదీ గొట్టానికి సూటిగా ఆగేలా కుదర్చడం వారాల పని.

బఫింగ్ చక్రం చేసే అన్యాయమూ తక్కువది కాదు. ఫిచ్‌బర్గ్‌లో 1894 నుంచి తయారైన ఐవర్ జాన్సన్ సేఫ్టీ రివాల్వర్లు గొప్పవాళ్లవి కావు, మామూలు ఇళ్ల సొరుగుల్లోవి. పిడి మీద గుడ్లగూబ తల. ట్రిగ్గర్ పూర్తిగా లాగితే తప్ప సుత్తి దెబ్బ పిన్నుకు చేరకుండా మధ్యలో చిన్న కడ్డీ. అంత చవక వస్తువులో అంత బుద్ధి! అలాంటిదాన్ని అద్దంలా మెరిపించాలని రాపాడిస్తే అక్షరాల అంచులు కరిగిపోతాయి, పేటెంట్ తేదీలు మసకబారతాయి. నూనెలో నానబెట్టి, మెత్తటి గుడ్డతో చిలుము తీసి, స్క్రూ గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్‌తో విప్పి, అరిగిన కీలు పిన్ను ఒక్కటి మారిస్తే చాలు. ఊడిన నికెల్‌ను ఊడినట్టే ఉండనివ్వాలి.

వెబ్లీలా గొట్టం ముందుకు వాలి తెరుచుకునే తుపాకీ పాత పెట్టెలకే పరిమితం కాలేదు. కాన్పూర్‌లోని ప్రభుత్వ కర్మాగారం 2014లో ఆడవాళ్ల కోసమని తెచ్చిన నిర్భీక్ కూడా ఈ పద్ధతిదే.

కోత మీద ఇంత కోపం ఉన్నవాడే స్కోఫీల్డ్ రివాల్వర్ దగ్గరికి వచ్చేసరికి మెత్తబడతాడు. స్మిత్ అండ్ వెస్సన్ 1870లో తెచ్చిన మూడో నంబరు మోడల్‌ను మేజర్ జార్జ్ స్కోఫీల్డ్ సవరించాడు. కొక్కేన్ని గొట్టం మీంచి చట్రం మీదికి మార్చాడు. గుర్రం మీదున్నవాడు ఒక్క చేత్తో తెరుచుకోవచ్చు. చిక్కంతా తూటాతో వచ్చింది. అమెరికా సైన్యంలో అప్పటికే ఉన్న కోల్ట్ తూటా పొడవు ఎక్కువ, ఇందులో పట్టదు. సుమారు 9 వేలతో దీని తయారీ ఆగిపోయింది. సైన్యం మిగులుగా అమ్మినప్పుడు కొన్నిటిని, బండ్ల మీద డబ్బు చేరవేసే వెల్స్ ఫార్గో సంస్థ కొనుక్కుంది. వాటి ఏడంగుళాల గొట్టాలను అయిదుకు కోసి, సంస్థ గుర్తు కొట్టించింది. అమ్మేవాడి లాభం కోసం వేసిన కోత కాదది, బండి మీద డబ్బుపెట్టెకు కాపలా కూర్చునేవాడి అక్కర కొద్దీ వేసింది. అందుకే వాటికి గిరాకీ ఎక్కువ. గిరాకీ ఉందని దొంగ గుర్తులూ బాగా పుట్టాయి. ఇప్పుడు అలాంటిది ఎదురైతే ముందు తెరిచి చూడరు. భూతద్దం తీసి, ఆ గుర్తు అక్షరాల అడుగున పాత నలుపు ఉందా, కొత్త ఉక్కు మెరుస్తోందా అని చూస్తారు.