తార్నాక నుంచి నల్లకుంట దాకా

వెనకటికి ఇక్కడో తోట ఉండేదట. దాని చుట్టూ ముళ్లతీగ, కాపలాకు ఓ నాకా. తార్, నాకా కలిసి తార్నాక అయిందని పాతవాళ్లు చెబుతారు. ఇప్పుడు తోటా లేదు, తీగా లేదు. చౌరస్తా నుంచి ఉస్మానియా వైపు మళ్లితే జాతీయ పోషకాహార సంస్థ, ఆ పక్కనే 2007 దాకా అందరూ సీఫెల్ అని పిలిచిన నేటి ఇఫ్లూ, ఇంకాస్త లోపలికి వెళ్తే 1939లో తెరిచిన ఆర్ట్స్ కాలేజీ. చూడవచ్చినవాళ్లు ఆ గులాబీ రాతి మెట్ల మీద ఫొటోలు దిగి వెనక్కి మళ్లుతారు. మళ్లకుండా ఎన్‌సీసీ గేటు దాటి విద్యానగర్ మీదుగా పోతే నల్లకుంట వస్తుంది. ఈ దారికి గైడు పుస్తకాల్లో లేని చరిత్ర ఒకటుంది.

1978 మార్చి ఆఖరు. సినిమా చూసి రాత్రి పొద్దుపోయాక ఇంటికి వస్తున్న ఒక పేద యువతిని నల్లకుంట పోలీసులు స్టేషన్‌కు తీసుకెళ్లారు. ఆమెపై అత్యాచారం జరిగింది. ఇదేమిటని అడిగిన భర్త, రిక్షా తొక్కి బతికే మనిషి, దెబ్బలకు చనిపోయాడు. నగరం భగ్గుమంది. కాల్పులు, కర్ఫ్యూ. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే నేరమని తేల్చింది. అయితే ఆ విచారణలో పోలీసుల తరఫువారు ఎక్కువగా ప్రశ్నించింది ఆమె నడవడికనే. అసలామెది పెళ్లేనా అని కూడా అడిగారు! కేసు కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయింది. 1981లో నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు.

ఆ రోజుల్లో పత్రికలన్నీ ఆమె పేరు అచ్చువేశాయి. బాధితురాలి పేరు బయటపెట్టకూడదన్న చట్టం 1983లోగానీ రాలేదు. అందుకే ఇక్కడా ఆ పేరు లేదు.

ఫిర్యాదు చేయాల్సిన స్టేషనే నేరం చేసిన చోటైతే ఆడమనిషి ఎవరి దగ్గరికి పోవాలి? ఆ ఏడాదే హైదరాబాద్‌లో పుట్టిన స్త్రీ శక్తి సంఘటన ముందున్న ప్రశ్న ఇది. దీనికి ముందు 1974లో ఉస్మానియా విద్యార్థినులు పి.ఓ.డబ్ల్యూ. పెట్టి ఈవ్‌టీజింగ్ మీద, కట్నాల మీద పోరాడారు. ఎమర్జెన్సీ దాన్ని మింగేసింది. పి.ఓ.డబ్ల్యూ.లో పనిచేసిన కె.లలిత, ఉస్మానియాలో పాఠాలు చెప్పే రమా మేల్కోటే, సీఫెల్ అధ్యాపకురాలు సూసీ తారూ, పోషకాహార సంస్థ డాక్టరు వీణా శత్రుఘ్న స్త్రీ శక్తి సంఘటనలో కలిశారు. వీళ్లలో ముగ్గురి కొలువులు ఈ ఒక్క రోడ్డు మీదివే కావడం విశేషం. 1985లో పుట్టిన అన్వేషి చాలాకాలం ఉస్మానియా క్యాంపస్‌లోని ఒక క్వార్టర్ నుంచే పనిచేసింది. ఆడవాళ్లు డాక్టరును కూడా అడగలేని సంగతులను వివరించిన ‘సవాలక్ష సందేహాలు’ పుస్తకం ఈ రెండు సంస్థల శ్రమే.

ఫోన్ మోగితే పలికే మనిషి మాత్రం ఆలస్యంగా వచ్చింది. స్త్రీవాద పత్రిక భూమిక 2006లో హెల్ప్‌లైన్ మొదలుపెట్టింది. పత్రిక నడిపేవాళ్లకు ఫోన్ల గొడవెందుకని అనిపించవచ్చు. కానీ ఎవరికీ చెప్పుకోలేని మాట ముందు చెవిన పడేది అలాంటిచోటే. 2016లో హైదరాబాద్ పోలీసులు హాకా భవన్‌లో భరోసా కేంద్రం తెరిచారు. వాంగ్మూలం, వైద్యం, కౌన్సెలింగ్, న్యాయసాయం ఒకే కప్పు కింద. ఒకప్పుడు ఆమెను నిలదీసిన శాఖే ఇప్పుడు కుర్చీ వేసి కూర్చోబెడుతోంది. దీనికి నల్లకుంట తర్వాత దాదాపు 38 ఏళ్లు పట్టింది.

ఇంట్లో అందరికీ తెలిసి ఉండాల్సినవి కొన్ని ఉన్నాయి. 181కి ఏ వేళప్పుడైనా ఫోన్ చేయవచ్చు. ఏ స్టేషన్ పరిధి అన్నదానితో పనిలేకుండా ఎక్కడైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రైనా ప్రైవేటుదైనా వెంటనే ఉచితంగా చికిత్స చేసి తీరాలి. ‘ముందు కేసు పెట్టి రండి’ అని తిప్పి పంపే హక్కు 2013 నుంచి ఎవరికీ లేదు.