దాచుకున్న పనిముట్టు

విజువల్ ఫాక్స్‌ప్రోలో ప్రోగ్రాములు వ్రాసి బ్రతికిన కాలంలో నన్ను మిక్కిలి విసిగించిన పని వెతుకులాట. పట్టికలో ఒక ఫీల్డు పేరు మార్చితే, ఆ పాత పేరు ఏయే ఫారాలలో దాగి ఉన్నదో ఒక్కొక్కటే తెరచి చూడవలసి వచ్చేది. అయితే ఆ భాషలో ఒక వింత ఉన్నది: ఫారాన్ని భద్రపరచే ఫైలు కూడా ఒక పట్టికయే. దానిని మామూలు పట్టికవలె తెరచి లోపలి కోడును చదువవచ్చు. ఆ కిటుకుతో నలభై పంక్తుల ఉపకరణం ఒకటి వ్రాసుకున్నాను. వ్రాసి, దాచుకున్నాను. నా వేగానికి మూలం పరులకు తెలియరాదన్న లోభం!

ప్రక్క బల్ల మిత్రుడు అదే వెతుకులాటతో ఒక రాత్రంతా జాగారం చేశాడని తెలిసి, సిగ్గుపడి ఇచ్చివేశాను. మరునాడే అతడు వచ్చి, "భాయ్, ఇది మెథడ్స్ మాత్రమే చూస్తున్నది. ప్రాపర్టీస్‌లోని పేర్లను విడిచిపెడుతున్నది" అన్నాడు. అనగా టెక్స్ట్‌బాక్సులకు ముడివేసిన ఫీల్డుల పేర్లన్నీ నా కన్నుగప్పినవే. సరిచేశానని నేను అప్పగించిన ఫారాలలో ఎన్నింట ఆ తప్పు మిగిలిపోయిందో!

ఇక క్రొత్త కూర్పు రాదని మైక్రోసాఫ్ట్ 2007లో ప్రకటించింది; 2015లో మద్దతు కూడా ముగిసింది. అయినా ఆ భాషను విడువని ప్రోగ్రామర్లు వీఎఫ్‌పీఎక్స్ అన్న పేరుతో తమ ఉపకరణాలను మూలంతో సహా ఉచితంగా పంచుకుంటున్నారు. గోఫిష్ అనే వెతుకు సాధనం వాటిలోనిదే. దానిని మొదటిసారి నడిపిన నాడు, ప్రాపర్టీస్‌లో కూడా వెతుకుతున్నదా అనియే ముందుగా చూశాను.

వెతుకుతున్నది.