ల్యాప్‌టాపులో గాడిపొయ్యి

మేము చిన్ననాడు తండ్రిగారియొద్ద భారతభాగవతములు చదువుకొన్నవారమే గాని యంత్రశాస్త్ర మెరుగము. అయినను గడచిన వేసవిలో మా యింటి ల్యాప్‌టాపు మాకు కొంత చదువు చెప్పినది.

మావారు చిత్తూరులో ఉపాధ్యాయులు. పదవతరగతి పిల్లలకై ఆరేండ్లుగా వ్రాసికొన్న పాఠములన్నియు అందే యున్నవి. ఎండలు 40 డిగ్రీలు దాటిన దినములలో తెరపై రంగురంగుల గీతలు పడి, యంత్రము తనంత తానే ఆగిపోజొచ్చెను. తిరుపతికి గొనిపోగా మరమ్మతు చేయునాతడు, "గ్రాఫిక్స్ కార్డు పోయిందమ్మా, బోర్డంతా మార్చాల" అనెను. చెప్పిన వెల విని మరల బస్సెక్కితిమి.

ఇట్టి యంత్రములలో బొమ్మలు చూపు భాగములు రెండుండును. ఒకటి ప్రాసెసరులోనే ఇమిడియుండును. అది నిత్యము అన్నము వండుకొను ఇంటిపొయ్యి వంటిది. రెండవది పెండ్లివంటల గాడిపొయ్యి. ఆటలకు, పెద్ద చిత్రపు పనులకు అదే కావలెను. వేడికి వ్యాకోచించి, చల్లారి సంకోచించి, దాని క్రింది టంకపుబొట్లు కాలక్రమమున పగులవచ్చును. మరల వేడిచేసి అతికించుట కొన్నాళ్ళ ముచ్చటయే. 2011 నాటి మాక్‌బుక్ ప్రోలలో కొన్నింటికి తెర చెడు బాధ కలుగగా, ఆపిల్ సంస్థ 2015 ఫిబ్రవరిలో వానిని ఉచితముగా బాగుచేయ నారంభించెను. మాది వేరొక సంస్థ చేసిన యంత్రము. దాని కట్టి భాగ్యము లేదు.

తొమ్మిదవతరగతి చదువు మా పెద్దవాడే దారి చూపినాడు. మొదట సేఫ్ మోడులో తెరచి పాఠములన్నియు పెన్‌డ్రైవులోని కెత్తినాడు. (ఈ పని మాత్రము ఎవ్వరును మానకుడు.) పిమ్మట డివైస్ మేనేజరులో ఆ కార్డును నిలిపివేసెను. రెండు మాసములు సుఖముగా గడచినవి. అంతలో విండోస్ అప్‌డేటు వచ్చి దానిని మేలుకొలిపెను. గీతలు మరల వచ్చినవి. ఇక మూలముననే ఆర్పవలెనని, యంత్రము మొదలగునప్పుడు తెరచుకొను బయాస్ పట్టికలో వెదకగా, మా యదృష్టమున కార్డును మూసివేయు వీలు కానవచ్చెను. అన్ని యంత్రములలోను ఇది యుండదు. కొన్నింటిలో తెర గాడిపొయ్యికే తగిలింపబడియుండును. అట్టిచోట దాని నార్పిన తెరయే చీకటియగును. ముందుగా విచారించుకొనవలెను.

తుదిమీట నొక్కబోవుచు వాడు చేయి వెనుకకు దీసెను. వాని కారుపందెముల యాట ఆ కార్డు లేనిదే సరిగా నడువదు. వాడు నోరు విప్పలేదు, మేమును అడుగలేదు. మావారు మాత్రము, "ఇష్టము లేకున్న వద్దులే నాయనా" అనిరి. వాడు తలయెత్తకయే నొక్కినాడు.

ఇప్పుడు మావారు రాత్రివేళ పాఠము వ్రాయునపుడు ఫ్యాను మ్రోతయైనను అంతగా వినబడదు. ఆ యాట బొమ్మ తెరపై ఒక మూల నింకను ఉన్నది. తీసివేయుమని మేము చెప్పలేదు.