కోసేది సరే, కోయకూడనిదో?

మిక్సీ కొనాలంటే నలుగురు ఆడవాళ్ళం చేరి అరగంటలో తేల్చేస్తాం. జారు ఎంత పడుతుంది, మోటారు ఎంతసేపటికి వేడెక్కుతుంది, మూత ఊడి పచ్చడి గోడకెక్కుతుందా అని అన్నీ అడుగుతాం. అదే ఇనప సామాను దగ్గరికి వచ్చేసరికి "అది మగవాళ్ళ వ్యవహారంలెండి" అని పక్కకి తప్పుకుంటాం. ఎందుకో మరి! కత్తిపీట నుంచి కొడవలి దాకా కోత పని మన చేతుల్లోనే ఉన్నదాయె.

మాకు నూజివీడు పక్కన నాలుగెకరాల మామిడి తోట ఉంది. బంగినపల్లీ, చిన్నరసాలూ, గట్టు వెంట కాసిని కలెక్టరు కాయలూను. మావారు బ్యాంకులో రిటైరయ్యాక 24 హార్సుపవరు చిన్న ట్రాక్టరు కొన్నారు. పెద్ద ట్రాక్టరైతే కొమ్మల కింద దూరదు. దీనికి ఆ బాధ లేదు. తొలకరి పడిందంటే చాలు, తోటంతా మోకాలెత్తు గడ్డి. తుంగ, గరిక, వాటి మధ్య వయ్యారిభామ. పేరు చూసి మురిసిపోకండి, తగిలితే ఒళ్ళంతా దద్దుర్లే. గడ్డిలో పాము కనపడదు. ఎండాకాలం ఎండి నిలబడితే ఆర్పని బీడీ ముక్క ఒక్కటి చాలు, తోట తగలబడిపోవడానికి.

"రోటవేటరు కొట్టించెయ్యండి, పీడా పోతుంది" అన్నారు ఊళ్ళో వాళ్ళు. పీడతోపాటు వేళ్ళు కూడా పోతాయి! మామిడి తల్లివేరు లోతుకి దిగినా, నీళ్ళూ ఎరువూ పీల్చే సన్న వేళ్ళు చాలామటుకు పైమట్టిలోనే ఉంటాయి. పైగా మాది వాలు నేల. వానల్లో దున్ని వదిలితే మట్టి కాస్తా కొట్టుకుపోతుంది. అంచేత నేల కదల్చకుండా, గడ్డిని పైపైన కోసి అక్కడే పరిచే మిషను కొందామనుకున్నాం. రోటరీ మోవరంటారు దాన్ని; మనవైపు స్లాషరంటేనే తెలుస్తుంది.

బెజవాడలో మూడు షాపులు తిరిగాం. ప్రతిచోటా మావారు అడిగింది ఒకటే ప్రశ్న: "ఎంత కోస్తుందోయ్?" వాళ్ళు చెప్పిందీ ఒకటే జవాబు: "గడ్డేమిటి సార్, బొటనవేలి లావు తుప్పల్నైనా తునాతునకలు చేసేస్తుంది." మూడో షాపులో ఇక ఉండబట్టలేక నేనడిగాను, "కోసేది సరే బాబూ, కోయకూడనిది అడ్డొస్తే ఏం చేస్తుందీ?" అని. ఆ కుర్రాడు బిక్కమొహం వేశాడు. లోపల కూచున్న పెద్దాయన మాత్రం లేచి వచ్చి, "అడగాల్సింది అదేనమ్మా" అంటూ మిషను ఒక పక్కకి ఎత్తించి అడుగుభాగం చూపించారు.

బ్లేళ్ళని గట్టిగా బిగించెయ్యరు. ఒక్కో బోల్టు మీద వదులుగా వేలాడుతూ ఉంటాయి. తిరిగే వేగానికి చాచుకుని నిలబడతాయి, రాయో మోడో తగిలితే వెనక్కి మడుచుకుంటాయి. అలా మడుచుకోని బ్లేళ్ళున్నది మన రాళ్ళ నేలకి వద్దన్నారాయన. తరవాత షియర్ బోల్టు. ఇంట్లో ఫ్యూజు లాంటిదన్నమాట. దెబ్బ గట్టిగా తగిలితే తను తెగిపోయి గేరుబాక్సుని కాపాడుతుంది. మాటిమాటికీ తెగుతోందని విసుక్కుని దాని బదులు గట్టి బోల్టు వేశామా, ఫ్యూజు స్థానంలో లావు తీగ చుట్టినట్టే!

ఇంకో సంగతి. బరువైన బ్లేళ్ళు ఒకసారి వేగమందుకున్నాయంటే ఓ పట్టాన ఆగవు. కొన్ని ట్రాక్టర్లలో క్లచ్చి నొక్కినా ఆ తిరుగుడే బండిని ముందుకి తోసేస్తుంది. ఎదురుగా ఉన్నది చెట్టయితే చెట్టుకి, మనిషైతే మనిషికి తగలడమే. ఓవర్‌రన్నింగ్ క్లచ్చి అనే చిన్న సరంజామా పెట్టిస్తే ఆ తోపుడు ఉండదు.

సైజు దగ్గర మావారికీ నాకూ కాస్త మాటా మాటా వచ్చింది. ఆయనకి ఆరడుగులది కావాలి, పని తొందరగా తెములుతుందని. పెద్దాయన లెక్క వేరు. అడుగు వెడల్పుకి సుమారు 5 హార్సుపవరు కావాలి. అది కూడా ఇంజను మీద రాసి ఉన్న అంకె కాదు, వెనక పీటీవో షాఫ్టు దగ్గర మిగిలేది. మాది 24 అయితే అక్కడికి చేరేది 20కి అటూ ఇటూ. అంటే 4 అడుగులు. ఇంటి దగ్గర టేపుతో కొలిచి తెచ్చాను కనక నా లెక్కా కలిసింది. వెనక చక్రాల వెడల్పు మూడున్నర అడుగులు. మోవరు అంతకంటే కాస్త వెడల్పుగా ఉంటేనే చక్రాల కింద నలిగిన గడ్డి కూడా తెగుతుంది. "మన బండి 750 కిలోలు ఎత్తుతుందటే" అన్నారీయన. ఎత్తడం వేరు, మోస్తూ నడవడం వేరు. నీళ్ళ బిందెని చంకనెత్తుకున్నట్టు ఉంటుందా, చెయ్యి చాపి పట్టుకుంటే? వెనక పొడుగ్గా వేలాడే బరువుకి ముందు చక్రాలు తేలిపోయి, స్టీరింగు మాట వినదు.

అన్నిటికన్నా నా గుండె ఝల్లుమన్నది ఆ పీటీవో షాఫ్టు చూసి. నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకి 9. ఎగిరిన పైటకొంగు అందులో పడితే కన్ను మూసి తెరిచేలోగా గజం పైన చీర చుట్టేస్తుంది. మగవాళ్ళ తువ్వాలుకైనా అదే గతి. దానిమీద ప్లాస్టిక్ తొడుగు లేనిది ఉచితంగా ఇచ్చినా తేకండి. ఉన్నది పగిలితే ముందు అది మార్పించాకే బండి కదలాలి. బ్లేడు చివర గంటకు 200 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో తిరుగుతుంది. దాని దెబ్బకి లేచిన గులకరాయి గుండులాంటిదే. అందుకే ముందూ వెనకా గొలుసుల తెర ఉన్నదే తీసుకున్నాం. మిషను తిరుగుతుంటే ఆ చాయలకి పిల్లల్ని రానివ్వద్దని తోటలో అందరికీ గట్టిగా చెప్పాం. డ్రిప్పు పైపుల్ని ఏ గొలుసూ కాపాడదు కనక, కోతకి ముందు వాటిని చెట్టు మొదళ్ళకి జరిపించుకోవడం మన పనే.

మిషను ఇంటికొచ్చాక తెలిసింది, కోయకూడనిది ఇంకొకటి మిగిలిపోయిందని. మా తోటలో రోజూ సాయంత్రం ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు గేదెలకి గడ్డి కోసుకుపోతుంటారు. వాళ్ళలో ఒకావిడ మోవరు చుట్టూ తిరిగి చూసి, "మరి మా గేదెకేదమ్మా?" అంది. నిజమే, మోవరు గడ్డిని చిదగ్గొడుతుంది, మట్టి కలిపేస్తుంది. దానికి గేదె మూతైనా పెట్టదు. కంచె వెంట రెండు వరసల మధ్య గడ్డి వాళ్ళకే వదిలేశాం. అటు ట్రాక్టరు వెళ్ళదు. "రెండు వరసలంటే ఎంత గడ్డో తెలుసా!" అని మావారు లెక్క మొదలెట్టారు. ఆవిడింటి గేదె పాలతోనే మీ పొద్దుటి కాఫీ అన్నాను. లెక్క అక్కడితో ఆగింది.

ధర బేరం మాత్రం షాపులోనే వారికి వదిలేశానండోయ్. మగవాళ్ళ వ్యవహారం అంటూ ఒకటైనా ఉండాలిగా!